అడిగి చెప్తాను

డిపోలో మూడు వందల పన్నెండు మంది పనిచేస్తారు. వాళ్ళలో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. ఎదురుగా ఉంటే ‘డిప్యూటీ గారు’. అటు తిరిగితే ‘అడిగిచెప్తా’. ఆ రెండో పేరు పెట్టింది టైర్ల షెడ్డు మేస్త్రీ. “టైమెంతయిందని అడిగినా పెద్దాయన్ని అడిగి చెప్తానంటాడ్రా ఈయన” అని ఒకరోజు గ్రీజు చేతులు తుడుచుకుంటూ అన్నాడు. పేరు అతుక్కుపోయింది. అందులో ఎగతాళి ఉంది తప్ప కోపం లేదు. డిప్యూటీ మీద ఎవరికీ కోపం ఉండేది కాదు. ఉన్న కోపమంతా ఆకుపచ్చ తలుపు వెనక కూర్చునే మేనేజరు మీదే. ఆయనకి పెట్టిన పేరు ‘బండరాయి’.

‘ఉప’ అన్న మాటకి పండితులు చెప్పే అర్థం ‘దగ్గర’ అని. ఉపనది నదికి దగ్గర, ఉపగ్రహం గ్రహానికి దగ్గర, ఉప మేనేజరు మేనేజరుకి దగ్గర. దగ్గరగా ఉండడమే ఉద్యోగం. సంస్థల గురించి పుస్తకాలు రాసేవాళ్ళు ఈ ఉద్యోగానికి పెద్ద పెద్ద మాటలు వాడతారు. వారధి అంటారు, కుడిభుజం అంటారు, నాయకుడి మీద పడే దెబ్బలు కాచే డాలు అంటారు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళెవరూ డిప్యూటీగా పనిచేసి ఉండరు. ఈ డిపోలో డాలు డిప్యూటీ కాదు, మేనేజరే. డిప్యూటీ పదకొండేళ్ళు ఆ డాలు వెనక నిలబడి మంచివాడనిపించుకున్నాడు. డాలుకి మాత్రం ఆ సంగతి తెలియదు.

ఈ విద్య అతనికి చిన్నప్పుడే పట్టుబడింది. అయిదో తరగతిలో అతను ఉపలీడరు. లీడరు రాని రోజున బోర్డు మీద అల్లరి చేసినవాళ్ళ పేర్లు రాయడం ఉపలీడరు పని. శ్రద్ధగా రాసేవాడు. దెబ్బలు తిన్నవాళ్ళు సాయంత్రం గేటు దగ్గర చొక్కా పట్టుకుంటే, “నాకేం తెలుసురా, లీడరు నిన్ననే రాసిచ్చి వెళ్ళాడు” అనేవాడు. మర్నాడు ఆ దెబ్బలు లీడరుకి తిరిగొచ్చేవి. ఎందుకు పడుతున్నాయో తెలియక లీడరు ఏడిస్తే, పక్కన కూర్చుని ఓదార్చేది ఇతనే. ఆ ఓదార్పులో నటన లేదు. నిజంగానే జాలిపడేవాడు. అతనిలో ఎప్పటికీ మారని గుణం అది.

కండక్టరుగా చేరాడు. తర్వాత బుకింగు గుమాస్తా అయ్యాడు, ఆ తర్వాత డ్యూటీలు వేసే కంట్రోలరు. నలభై మూడో ఏట డిప్యూటీ. ఎనభై ఆరు బస్సులు, వాటికి డ్రైవర్లు, కండక్టర్లు. మర్నాటి డ్యూటీ చార్టుని మధ్యాహ్నం రెండింటికల్లా జాలీ తలుపున్న బోర్డులో అంటించాలి. ఎవరికి ఏ రూటు, ఎవరు స్పేరు, ఎవరికి సెలవు అన్నదంతా అందులో ఉంటుంది. స్పేరు అంటే ఏ బండీ లేకుండా డిపోలో కూర్చుని, ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు ఎక్కేవాళ్ళు. చార్టు మొదట పెన్సిలుతో వేసి, తర్వాత సిరాతో దిద్దేవాడు. ఆ పెన్సిలు ఎప్పుడూ చెవి మీదే. ఒకసారి అలాగే నిద్రపోతే భార్య లేపి, “దాన్ని కూడా నిద్రపోనివ్వండి” అంది.

మేనేజరు ఈ డిపోకి బదిలీ మీద వచ్చిన రోజున డిప్యూటీని లోపలికి పిలిచాడు. మాట తక్కువ మనిషి. కుర్చీలో నిటారుగా కూర్చుని రెండు ముక్కలు చెప్పాడు.

“బండ్లు, డీజిలు, ప్రమాదాలు, పై ఆఫీసు ఉత్తరాలు నేను చూసుకుంటాను. సెలవులు మీవి. ఎవరికివ్వాలో ఎవరికివ్వకూడదో మీరే తేల్చండి. నన్నడగొద్దు. మనుషులు నాకంటే మీకే తెలుసు.”

“అలాగే సార్” అన్నాడు డిప్యూటీ. ఆ మాట బయట ఎవరికీ చెప్పలేదు. దాచాలని కూడా అనుకోలేదు. చెప్పే సందర్భం రాలేదు, అంతే.

సందర్భం నాలుగో రోజున వచ్చింది. మూడో నంబరు రూటు డ్రైవరొకడు తమ్ముడి పెళ్ళికి అయిదు రోజులు కావాలని సెలవు చీటీ తెచ్చాడు. ఇవ్వడానికి మనుషులు లేరు. కుదరదని చెప్పాలి. ఆ డ్రైవరూ ఇతనూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్ళు, ఒకే బండి మీద తిరిగినవాళ్ళు. నోటిదాకా వచ్చిన ‘కుదరదు’ అక్కడే ఆగిపోయింది. దాని బదులు, “ఉండు, పెద్దాయన్ని అడిగి చెప్తాను” అన్నాడు.

అన్నాక వెళ్ళక తప్పదు. ఆకుపచ్చ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. మేనేజరు తలెత్తి చూశాడు. ఏం చెప్పాలో తోచక, “కిటికీ గడియ సరిగ్గా పడుతోందా సార్” అన్నాడు. పడుతోందన్నాడు మేనేజరు. ఇద్దరూ కాసేపు కిటికీ గురించి మాట్లాడుకున్నారు. నాలుగు నిమిషాల తర్వాత బయటికొచ్చి, మొహం వేలాడేసుకుని, “చాలా చెప్పి చూశాను. ఒప్పుకోలేదు” అన్నాడు.

డ్రైవరు అతని భుజం తట్టి, “నువ్వేం చేస్తావులే” అన్నాడు.

ఆ భుజం మీద పడిన చెయ్యే అతన్ని పాడుచేసింది. అంత సులువుగా ఒక మనిషికి లేదని చెప్పి, పైగా వాడి చేత ఓదార్పు పొందవచ్చని అతనికి అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత అది అలవాటైంది, అలవాటు కాస్తా ఆఫీసు పద్ధతి అయి కూర్చుంది. కాదనాల్సి వచ్చినప్పుడల్లా ఆ గదిలోకి వెళ్ళి వచ్చేవాడు. అవుననదలుచుకున్నప్పుడు కూడా వెళ్ళేవాడు. వచ్చి, “పట్టుబట్టి ఒప్పించాను, మాట రానివ్వకు” అనేవాడు. దొరికిన సెలవు డిప్యూటీ మంచితనం, దొరకనిది మేనేజరు రాతిగుండె. ఏ లెక్కన చూసినా గెలుపు ఇతనిదే.

ఇక లోపల జరిగేది వేరు. మేనేజరు ఒంటరి మనిషి. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. డిపోలో ఎవరూ ఆయన గదిలోకి ఊరికే వచ్చేవాళ్ళు కాదు. బండరాయి దగ్గరికి ఊరికే ఎవరొస్తారు? ఆ గది గడప రోజూ తొక్కేది డిప్యూటీ ఒక్కడే, అదీ రోజుకి రెండు మూడు సార్లు. వచ్చి కిటికీ గురించో వాన గురించో షెడ్డు కబుర్లో చెప్పి పోయేవాడు. మొదటి ఏడు మేనేజరు ఊ కొట్టి వినేవాడు. రెండో ఏడు ఇంటి నుంచి తెచ్చుకునే టీ ఫ్లాస్కు పక్కన రెండో కప్పు వచ్చింది, దాని పిడి కాస్త విరిగి ఉంది. మూడో ఏట ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. “రావయ్యా, నీకోసమే చూస్తున్నా” అన్నాడొకసారి. ఆ మాటకి డిప్యూటీ మనసు కలుక్కుమంది. అయినా బయట ఇద్దరు నిలబడి ఉన్నారు. టీ తాగి, మొహం దిగాలుగా పెట్టుకుని, బయటికొచ్చాడు.

ఇలా పదేళ్ళు నడిచింది. పన్నెండో నంబరు రూటు కండక్టరు రాకపోయి ఉంటే ఇంకా నడిచేది.

ఆమె నెమ్మదైన మనిషి. చిల్లర ఇవ్వలేదని ఆమె మీద ఎవరూ ఫిర్యాదు చేసి ఎరగరు. ఆ రోజు ఉదయం పదిన్నరకి సెలవు చీటీ పట్టుకుని డిప్యూటీ బల్ల ముందు నిలబడింది. మూడు రోజులు కావాలంది. కారణం అని ఉన్న చోట ‘అమ్మ’ అని మాత్రమే రాసుంది.

“ఒంట్లో బాలేదామ్మా?”

“ఒంట్లో బానే ఉంది సార్. మతి పోతోంది. అన్నయ్య ఫోన్ చేశాడు. వాణ్ణి మొన్న గుర్తుపట్టలేదట. నా పేరు మాత్రం ఇంకా తలుస్తోందట. ఈ వారంలో వస్తే నిన్ను గుర్తుపడుతుంది, తర్వాత నేను చెప్పలేనన్నాడు.”

డిప్యూటీ చార్టు చూశాడు. మర్నాటికి ఇద్దరు కండక్టర్లు స్పేరు ఉన్నారు. ఒకరిని ఆమె బదులు వేయవచ్చు. కానీ స్పేరు చేతిలో లేకపోతే అతనికి గుండెలో దడ. తెల్లవారి ఎవరైనా రాకపోతే బండి ఆగుతుంది, బండి ఆగితే పై ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. మనుషులు లేరని కాదు, ఉన్నవాళ్ళని వదులుకోవడం ఇష్టం లేక, “ఉండమ్మా, అడిగి చెప్తాను” అన్నాడు.

లోపలికి వెళ్ళాడు. టీ పోస్తూ మేనేజరు “ఏంటి సంగతులు” అన్నాడు. ఆ ఉదయమే మరమ్మతుల పుస్తకంలో డిప్యూటీ ఒక తమాషా చూశాడు. నలభయ్యో నంబరు బండికి రివర్సు గేరు పడటం లేదు. దాని డ్రైవరు ఫిర్యాదు కాలమ్‌లో, ‘బండి ముందుకే పోతానంటోంది, వెనక్కి రానంటోంది. పట్టుదల ఎక్కువైంది’ అని రాశాడు. షెడ్డు మేస్త్రీ గేరు బాగుచేసి కింద, ‘పట్టుదల తగ్గించబడినది’ అని రాసి సంతకం పెట్టాడు. డిప్యూటీ అది చెప్పగానే మేనేజరు నవ్వాడు. ఎప్పుడో గాని నవ్వని మనిషి కావడంతో ఒకసారి మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన్ని చూసి డిప్యూటీకీ నవ్వాగలేదు.

బయటికి వచ్చేముందు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, నవ్వు మొహం తీసేసి దిగులు మొహం పెట్టుకున్నాడు. “లాభం లేదమ్మా. వచ్చే వారం చూద్దామన్నారు” అన్నాడు.

ఆమె అతని భుజం తట్టలేదు. చీటీ నాలుగు మడతలు పెట్టి టికెట్ల సంచిలో వేసుకుని బండెక్కింది. సెలవు దొరికింది తొమ్మిది రోజుల తర్వాత.

ఆరు నెలలు గడిచాయి. పై ఆఫీసుకి ఒక అర్జీ వెళ్ళింది. మేనేజరు మనసున్న మనిషిలా నడుచుకోవడం లేదని, చావుకీ బతుక్కీ సెలవివ్వడని, పదకొండేళ్ళుగా పడుతున్నామని అందులో రాశారు. కింద నలభై ఒక్క సంతకాలు. మొదటి సంతకం ఆమెది. అర్జీ నకలు డిప్యూటీ బల్ల మీదికీ వచ్చింది. చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. ‘నా తల్లి పరిస్థితి డిప్యూటీ గారు లోపల చెప్పినప్పుడు మేనేజరు గారు పెద్దగా నవ్వడం నేను తలుపు బయట నిలబడి నా చెవులతో విన్నాను.’

ఆ వాక్యం మీద వేలు అలాగే ఉండిపోయింది. తను అన్న మాటే ఆమెని ఆపిందని అతనికి తెలుసు. నవ్వు కూడా బయటికి వినిపించిందని ఇప్పుడే తెలిసింది. ఆకుపచ్చ తలుపుకి కింద అంగుళం ఖాళీ ఉంది. ఆ ఖాళీ గురించి పదకొండేళ్ళలో ఎన్నిసార్లు మేనేజరుతో కబుర్లాడాడో అతనికే లెక్క తెలియదు.

ఆ మధ్యాహ్నం మేనేజరే అతన్ని పిలిచాడు. అర్జీ బల్ల మీద ఉంది. మేనేజరుకి పదవీ విరమణ ఇంకా పద్నాలుగు నెలలే. ఈ విచారణలో తప్పు తేలితే ఎక్కడో మారుమూల డిపోకి పంపుతారు, సర్వీసు పుస్తకంలో ఒక నల్ల వాక్యం రాస్తారు.

“నలభై ఒక్కమంది” అన్నాడు మేనేజరు. “వీళ్ళలో సగంమందిని నేను మొహాలు చూసి కూడా గుర్తుపట్టలేను. నేనేం చేశానయ్యా వీళ్ళని?”

డిప్యూటీ అర్జీ కాగితాల అంచులు సరిచేశాడు.

“ఈ నవ్వేంటి? నేనెప్పుడు నవ్వాను? ఎవరి తల్లి గురించో నేను నవ్వడమేంటి?” అంటూ మేనేజరు రెండో కప్పులో టీ పోసి అతని వైపు తోశాడు. “నువ్వన్నా చెప్పు. నాలో ఏదో ఉండుంటుంది, నాకు కనిపించనిది.”

అప్పుడు చెప్పి ఉండవచ్చు. తలుపు మూసి ఉంది, మనుషులిద్దరే ఉన్నారు, మాట ఒక్కటే. చెప్పలేదు. “మీలో ఏమీ లేదు సార్” అన్నాడు. అది నిజమే. ఆ నిజం చెప్పి టీ తాగి వచ్చాడు. వస్తూ తనని తాను అసహ్యించుకున్నాడు. అయితే అసహ్యించుకోవడం కూడా ఒక రకమైన సుఖమే. మంచివాణ్ణి కాబట్టే కదా ఇంత బాధపడుతున్నానని లోపల ఎవరో సర్దిచెబుతుంటారు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు, ఎవరికో ఒకరికి చెప్పాలి కనక. ఆమె బట్టలు మడత పెడుతోంది. చెబుతున్నంతసేపూ మడతలు ఆగలేదు. అంతా విని, దుప్పటి ఒక కొస అతని చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుంది.

“అంటే పదకొండేళ్ళు ఆయన్ని అడగనేలేదు.”

“లేదు.”

“అడిగినట్టు లోపలికెళ్ళి వచ్చేవారు.”

“ఊ.”

ఆమె దుప్పటి దులిపింది. “మీ చెల్లెలు నాతో ముభావంగా ఎందుకుంటుందో నాకు ఇరవై ఏళ్ళుగా అర్థం కాలేదండీ.”

“దానికీ దీనికీ ఏంటి సంబంధం?”

“పిల్లల్ని సెలవులకి పంపమని మీ చెల్లెలు అడిగితే మీరేమనేవారు?”

అతనికి చప్పున గుర్తొచ్చింది. దుప్పటి కొస రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

“చెప్పండి, నేనేం అనుకోను. ‘మీ వదినని అడిగి చెప్తాను’ అనేవారు. అవునా? నన్నెప్పుడైనా అడిగారా?” కొస తీసుకోవడానికి దగ్గరికొచ్చి అతని మొహంలోకి చూసింది. “మీ వాళ్ళందరిలో నేను గయ్యాళినెలా అయ్యానా అనుకునేదాన్ని. జీతం లేకుండా మీకు నేనూ ఒక మేనేజర్నన్నమాట.”

నవ్వుతూనే అంది. ఆ నవ్వు విన్నాక అతనికి ఆ పూట అన్నం దిగలేదు.

విచారణ డిపోలోనే, పార్సిళ్ళ గది ఖాళీ చేయించి పెట్టారు. పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి సన్నగా, చురుగ్గా ఉన్నాడు. దగ్గు బిళ్ళలు బల్ల మీద వరసగా పేర్చుకున్నాడు. డిప్యూటీ వెళ్ళేసరికి నలభై ఒక్కరి మాటలూ రాసుకోవడం అయిపోయింది.

“పన్నెండో నంబరు కండక్టరుకి ఆ సెలవు ఎవరు వద్దన్నారు?”

“నేనండీ.”

“చెప్పింది మీరేనని తెలుసు. నిర్ణయం ఎవరిదని అడుగుతున్నా.”

“నిర్ణయమూ నాదేనండీ. మేనేజరు గారిని నేను అడగలేదు.”

“అడక్కుండానే అడిగానని చెప్పారా?”

“అవునండీ.”

“ఆ ఒక్కసారేనా?”

“లేదండీ. ఆయన ఈ డిపోకి వచ్చిన నాలుగో రోజు నుంచి.”

అధికారి కలం పక్కన పెట్టాడు. అతని మొహంలోకి ఒక మెచ్చుకోలు వచ్చింది. డిప్యూటీ ఎదురు చూసింది అది కాదు.

“చూడండి, నేనూ ఎనిమిదేళ్ళు డిప్యూటీగా చేసినవాణ్ణే. పైవాడి మీదికొచ్చింది మన నెత్తినేసుకోవడం నాకు తెలియని పని కాదు. మీలాంటివాళ్ళు ఉండబట్టే ఆఫీసులు నడుస్తున్నాయి. కానీ పదకొండేళ్ళంటే మరీ ఎక్కువ చేశారు. ఎవరు నమ్ముతారు?”

“నిజమండీ.”

“సరే. రోజుకి మూడుసార్లు మీరా గదిలోకి వెళ్ళేవారని అందరూ అంటున్నారు. అడగడానికి కాకపోతే ఎందుకెళ్ళేవారు?”

“టీ తాగడానికండీ.”

అధికారి నవ్వాడు. దగ్గొచ్చి ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. “వెళ్ళిరండి. మీ విధేయత సంగతి నివేదికలో ఒక ముక్క రాస్తాను.”

డిప్యూటీ బయటికొచ్చి మెట్ల మీద నిలబడిపోయాడు. జీవితంలో మొదటిసారి నిజం చెబితే అదీ ఉద్యోగ ధర్మం కింద జమైపోయింది. విధేయతకి దండలు వేసే ఈ లోకంలో డిప్యూటీ నోట వచ్చిన ఏ మాటా అతని సొంతం కాదు. మంచి మాటైతే పైవాడి తరఫున, చెడ్డ మాటైతే పైవాడి కోసం. ఇన్నాళ్ళూ అందులోనే హాయిగా దాక్కున్నాడు. ఇప్పుడు బయటికొస్తానంటే దారి లేదు.

తన మాట నమ్మే మనిషి ఎవరా అని ఆలోచిస్తే ఒక్కరే తట్టారు.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండో నంబరు బస్సెక్కాడు. కండక్టరు దగ్గరికొచ్చింది.

“చివరిదాకా ఒక టికెట్టమ్మా.”

“మీకు పాసుంది కదా సార్.”

“ఇవాళ డిపో పని మీద రాలేదు.”

ఆమె టికెట్టు చింపి ఇచ్చింది. చివరి స్టాపులో జనం దిగిపోయారు. డ్రైవరు టీకి వెళ్ళాడు. బండి మళ్ళీ కదలడానికి పది నిమిషాలుంది. ఆమె వెనక సీట్లో కూర్చుని నోట్లు సర్దుకుంటోంది. అతను ముందు సీటు కడ్డీ పట్టుకుని, నిలబడే చెప్పాడు. సాగదీయలేదు. “నీ సంగతి నేను లోపల చెప్పనేలేదమ్మా. ఆయనకి తెలియదు. వద్దన్నది నేను” అన్నాడు.

ఆమె నోట్లు సర్దడం ఆపింది.

“మరి ఆ నవ్వు?”

“నేనొక తమాషా చెప్పాను. దానికి నవ్వారు.”

“ఏం తమాషా?”

“ఇప్పుడెందుకమ్మా అది?”

“ఆరు నెలలుగా ఆ నవ్వు వింటున్నా సార్. దేనికో తెలుసుకోవద్దా?”

చెప్పక తప్పలేదు. రివర్సు గేరు పడని బండి, డ్రైవరు రాసింది, కింద మేస్త్రీ రాసింది అన్నీ చెప్పాడు. ఖాళీ బస్సులో, ఎండలో, ఆమె కళ్ళలోకి చూడలేక సీటు మీద చిరుగుని చూస్తూ. తమాషా చెబుతూ అంత నరకం పడిన మనిషి ఇంకొకడుండడు.

ఆమె నవ్వలేదు. “పట్టుదల తగ్గించబడినది” అని నెమ్మదిగా పైకి అనుకుంది. తర్వాత, “మనుషులు లేరా ఆ రోజు?” అంది.

“ఉన్నారు. ఇద్దరు స్పేరు ఉన్నారు.”

“మరి?”

“చేతిలో ఉంటే నాకు ధైర్యంగా ఉంటుందమ్మా. అంతే. ఇంకే కారణం లేదు.”

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. “నేను వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే కూర్చునుంది. నన్ను చూసి, ‘ఎవరమ్మా నువ్వు, కూర్చో, మా అమ్మాయి వచ్చే వేళయింది’ అంది. మూడు రోజులూ నాతోనే నా గురించి చెప్పింది. మంచి కబుర్లే చెప్పిందిలెండి.”

డిప్యూటీ కడ్డీ వదలలేదు.

“ఒకటి చెప్పనా సార్? ‘కుదరదు’ అని మీరే నా మొహాన అనుంటే, మిమ్మల్ని నాలుగు తిట్టుకుని, డ్యూటీ ఎగ్గొట్టైనా వెళ్ళిపోయేదాన్ని. పెద్దాయనే వద్దన్నాడన్నారు. ఆపైన ఇంకెవరున్నారని ఆగిపోయాను.”

డ్రైవరు తిరిగొస్తున్నాడు. ఆమె లేచి సంచి భుజానికి తగిలించుకుంది.

“ఆ ఆఫీసరు దగ్గరికెళ్ళి నవ్వు సంగతి చెప్తాను. ఆయన మీద రాసింది తప్పని సంతకం పెడతాను. ఆయన్నని ప్రయోజనం లేదు కదా.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “ఇదంతా ఆయనకి చెప్పారా?”

“ఇంకా లేదమ్మా.”

“చెప్తారా, అడిగి చెప్తారా?”

ఆ సాయంత్రం డ్యూటీలు మారే వేళకి ఆకుపచ్చ తలుపు తోసుకుని వెళ్ళాడు. మేనేజరు ఫ్లాస్కు మూత తీశాడు. “టీ వద్దు సార్” అన్నాడు డిప్యూటీ, పదకొండేళ్ళలో మొదటిసారి. నిలబడే మొదలుపెట్టాడు. నాలుగో రోజు నుంచి మొదలుపెట్టి కిటికీ గడియ, తమ్ముడి పెళ్ళి, కండక్టరు తల్లి దాకా వచ్చాడు. మేనేజరు అడ్డు రాలేదు. మూత చేతిలోనే పట్టుకుని విన్నాడు.

“చీటీల సంగతి అర్థమైంది” అన్నాడు చివరికి. “ఆ టీ సంగతేంటి?”

“అంటే సార్?”

“వచ్చేవాడివి కదా. నాకు తోచదని వస్తున్నావనుకున్నా.”

“కొన్నిసార్లు ఊరికే కూడా వచ్చాను సార్.”

“ఎప్పుడు?”

డిప్యూటీ వెతికాడు. బయట చీటీ పట్టుకుని ఎవరూ నిలబడని రోజొకటి, కేవలం ఈ మనిషి కోసం తలుపు తోసిన పూటొకటి ఉండి ఉంటుందని నమ్మకంగా వెతికాడు. వాన పడిన రోజు? ఆ రోజు ఇద్దరు డ్రైవర్లున్నారు. మేనేజరుకి జ్వరం తగిలిన వారం? అప్పుడు గుమాస్తా చీటీ పట్టుకుని ఉన్నాడు. ఒక్కటీ దొరకలేదు.

మేనేజరు ఫ్లాస్కుకి మూత బిగించాడు. “మీరు వెళ్ళొచ్చు” అన్నాడు.

‘మీరు’ అన్నాడు. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

కండక్టరు అన్నంత పనీ చేసింది. ఆమె మాట మీద అధికారి మళ్ళీ వచ్చి, ఈసారి దగ్గు బిళ్ళలు లేకుండా, డిప్యూటీని గంటసేపు కూర్చోబెట్టాడు. మేనేజరు మీద అర్జీ కొట్టేశారు. నల్ల వాక్యం డిప్యూటీ సర్వీసు పుస్తకంలోకి వచ్చింది. దానికతను బాధపడలేదు. అసలు శిక్ష అతని బల్ల ముందు, జాలీ బోర్డు పక్కన ఉంది. రోజూ పదిమంది చీటీలు తెస్తారు. “కుదరదు. నేనే వద్దంటున్నాను” అని వాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పాలి. మొదటి వారం చెప్పలేక అడిగినవాళ్ళందరికీ ఇచ్చేశాడు. మూడు బండ్లు ఆగిపోయాయి. రెండో వారం చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడెవరూ భుజం తట్టరు. “అడక్కుండానే చెప్పేస్తున్నాడ్రా” అన్నాడు మేస్త్రీ. ఈసారి అందులో ఎగతాళి తక్కువ, కోపం ఎక్కువ. చేతిలో స్పేరు ఉంచుకోవడం మానేశాడు. అప్పుడప్పుడూ బండి ఆగుతోంది. పై ఆఫీసు ఫోనొస్తే తనే ఎత్తుతున్నాడు.

ఆకుపచ్చ గదిలోకి వెళ్ళే పని ఇక లేదు. కాగితాలు గుమాస్తా తీసుకెళ్తున్నాడు. నెలన్నర గడిచింది. ఒకరోజు రెండింటికి చార్టు అంటించాక బల్ల ముందు ఎవరూ లేరు. వరండా ఖాళీగా ఉంది. డిప్యూటీ పెన్సిలు చెవి మీంచి తీసి బల్ల మీద పెట్టి, వెళ్ళి తలుపు తట్టి లోపలికి అడుగుపెట్టాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు.

మేనేజరు తలెత్తాడు. “ఏంటి?”

“ఏమీ లేదు సార్.”

“బయట ఎవరున్నారు?”

“ఎవరూ లేరు సార్.”

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. అతని పక్కనుంచి వెళ్ళి తలుపు పూర్తిగా తెరిచాడు. వరండా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాడు. బల్ల దగ్గర ఎవరూ లేరు, మెట్ల మీదా ఎవరూ లేరు. జాలీ బోర్డు దాకా నాలుగడుగులు నడిచి, దాని వెనక కూడా చూశాడు. తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఉన్న కాగితం మీదికి వంగాడు.

కూర్చోమనలేదు. వెళ్ళమని కూడా అనలేదు. తలుపు తెరిచే ఉంది. డిప్యూటీ అక్కడే నిలబడ్డాడు.